ఓర్పునకు కొలత

70,000 డాలర్లు 11 ఏండ్లలో 35 కోట్ల డాలర్లకు పైబడిన వృత్తాంతమును పెట్టుబడులను గూర్చి వ్రాయువారు తరచుగ చెప్పుచుందురు. వినువారు నిట్టూర్చి, అట్టి అదృష్టము తమకేల పట్టలేదని చింతింతురు. ఆ రెండంకెల నడుమ గడచిన కాలమును గూర్చి చెప్పువారు తక్కువ, అడుగువారు అంతకంటెను తక్కువ. కాని మనుష్యుని స్వభావమును పరీక్షించునది ఆ నడిమికాలమే కనుక, వ్యక్తిత్వమును తీర్చిదిద్దుకొనగోరువాడు చదువదగిన భాగము కూడ అదియే.

ఆ ధనమును పెట్టినది అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అను సంస్థ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1946లో, యుద్ధకాలమున ప్రయోగశాలలలో పుట్టిన విజ్ఞానమును పరిశ్రమలుగ మార్చు చిన్నకంపెనీలకు మూలధనము సమకూర్పవలెనను సంకల్పముతో, బోస్టన్ నగరమున కొందరు పెద్దలు దానిని నెలకొల్పిరి, ఎం.ఐ.టి. అధ్యక్షుడైన కార్ల్ కాంప్టన్ వారిలో నొకడు. అట్టి కంపెనీలకు బ్యాంకులు అప్పీయవు. ఈయకపోవుట న్యాయమే, బ్యాంకు చేతిలోనిది పరుల సొమ్ము, అట్టి కంపెనీలు నెలకొల్పు యువకుల యొద్ద తాకట్టు పెట్టుటకు బుద్ధి తప్ప వేరేమియు లేదు. సంస్థకు సారథ్యము వహించినవాడు జార్జెస్ డోరియో. 1899లో పారిసున జన్మించి, అమెరికా చేరి, హార్వర్డు వాణిజ్యవిద్యాలయమున చిరకాలము ఆచార్యత్వము నెరపి, యుద్ధమున సైనికులకు దుస్తులు, ఆహారము మొదలగువానిని సమకూర్చు శాఖలో బ్రిగేడియర్ జనరల్ పదవి నలంకరించినవాడు.

1957లో ఎం.ఐ.టి. వారి లింకన్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన కెన్ ఓల్సెన్, హార్లన్ అండర్సన్ అను ఇరువురు ఇంజనీర్లు ఆ సంస్థ నాశ్రయించిరి. కంప్యూటర్ల నిర్మాణమున గొప్ప కంపెనీలే నష్టపడుచున్న కాలమది. కావున అర్జీలో కంప్యూటర్ అను మాటయే రానీయవలదని వారికి ముందుగనే హితవు చెప్పబడెనట. 70,000 డాలర్లిచ్చి, ప్రతిగా కంపెనీలో సుమారు 70 శాతము వాటాను సంస్థ గైకొనెను. మేనార్డ్ అను పట్టణమున పాతబడిన ఉన్నిమిల్లులో కొంతభాగమును అద్దెకు తీసికొని, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను పేర వారు మొదట చేసినది కంప్యూటరు కాదు, ప్రయోగశాలలకు పనికివచ్చు ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు. వాని అమ్మకముతో నిలదొక్కుకొనిన పిదప, 1959 చివర పీడీపీ-1 అను తొలియంత్రమును ప్రదర్శించిరి. 1965లో 18,000 డాలర్ల వెలకు పీడీపీ-8 వెలువడిన తరువాత లోకము వారిని బాగుగ గుర్తించినది. 1966లో షేర్లు ప్రజలకు విక్రయింపబడెను. 1968 నాటికి డోరియో సంస్థవాటా మనము మొదట చెప్పుకొన్న విలువకు చేరెను.

ఆ సంస్థ మరి యెన్నియో కంపెనీలలో ధనము పెట్టినది. కొన్ని నశించెను, కొన్ని ఏండ్లతరబడి ఈడ్చుకొనివచ్చెను, కొన్ని మంచి లాభమే యిచ్చెను. అయినను డిజిటల్ ఒక్కటి లేకున్నచో ఆ సంస్థచరిత్ర మిక్కిలి సామాన్యముగ ముగిసియుండెడిది. పదింటిలో ఏ యొక్కటి ఫలించునో ముందుగ నెరిగినవాడు ఆ సంస్థలోను లేడు. నష్టము పెట్టిన సొమ్మునకు మించదు, లాభమునకు మాత్రము మేర లేదు. ఈ వ్యాపారమునకు ఆధారమైన గణితమంతయు ఇంతే. ఈ గణితము మనుష్యస్వభావముతో తలపడినపుడు ఏమగునో ఒక చిన్నలెక్కలో చూతము.

ఒకడు లక్ష రూపాయలను పదివేల వంతున 10 చిన్న సాంకేతికకంపెనీలలో పెట్టి, 12 ఏండ్లు వేచియుండెననుకొందము. ఆరు అడుగంటిపోయినవి, మూడు అసలును మాత్రము నిలిపినవి, ఒక్కటి 30 రెట్లైనది. చేతికి వచ్చునది 3,30,000 రూపాయలు. ముప్పదిరెట్లు పెరిగిన షేరు చేతనున్నవాడు మహాభాగ్యశాలియని లోకము భ్రమించును గాని, లెక్కగట్టి చూచినచో అతనికి ముట్టినది ఏటికి సుమారు పదిన్నర శాతము చక్రవడ్డి. ఇంత భయమునకు, ఇంత నిరీక్షణకు ఫలమింతే. ఇక నతడు ఆ ఒక్క షేరు రెండవయేట రెట్టింపు కాగానే, లాభము చేతబడినది చాలునని అమ్మివేసి, తక్కిన తొమ్మిదింటిని ఎప్పటికైనను లేచునను ఆశతో అట్టిపెట్టుకొనెనేని, పండ్రెండేండ్ల పిమ్మట మిగులునది, ఆ అమ్మిన సొమ్మునకు వడ్డి గట్టకున్న, 50,000 రూపాయలు. కంపెనీల యెంపికలో ఆవగింజంత మార్పులేదు. ఒక్క స్వభావదోషముచేత లాభము నష్టమైనది.

ఈ దోషము అరుదైనది కాదు. లాభమిచ్చుదానిని త్వరపడి అమ్ముటయు, నష్టమిచ్చుదానిని వదలలేక పట్టుకొనుటయు మానవసహజమైన ప్రవృత్తియని హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అను పండితులు 1985లో ప్రతిపాదించిరి. మన బ్రోకరు కార్యాలయములలో దీనిని గ్రహించుటకు శాస్త్రమవసరము లేదు. "కొన్న ధర వస్తే చాలండీ, అమ్మేస్తాను" అను మాట అచ్చట నిత్యము వినబడుచునే యుండును. కొన్న ధర ఎంతయో కంపెనీకి తెలియదు, బజారునకు తెలియదు. దానిని జ్ఞాపకముంచుకొన్నది కొన్నవాని అహంకారమొక్కటియే. అమ్మినచో పొరపాటు నొప్పుకొన్నట్లగును. ఆ షేరు వలదని చెప్పిన బావమరిది యెదుట తల వంచుకొనవలసివచ్చును. అందుచేత ఆ పెద్దమనిషి నష్టమును మరుగుపరచి, దానికి దీర్ఘకాలిక పెట్టుబడియని నామకరణము చేయును.

పొలము కొన్నవాడు ఇరువదియేండ్లు నిశ్చింతగ నుండగలుగుట ఋషిత్వముచేత కాదు. గట్టుమీద నిలుచుండి ఘడియ ఘడియకును ధర కేకవేయువాడు లేకపోవుటచేత. షేరు కొన్నవానికి ఆ కేక జేబులోని సెల్‌ఫోనులోనే కలదు. అమెజాన్ షేరు 1997 మే నెలలో 18 డాలర్లకు ప్రజలకు విక్రయింపబడి, 1999 డిసెంబరున శిఖరము నంటి, 2001 శరత్కాలము నాటికి నూటికి తొంబదివంతులకు మించి పడిపోయినది. కంపెనీ పూర్తి సంవత్సరమునకు లాభము చూపుట 2003లో మొదటిసారి జరిగినది. ఆ నడుమ అమ్ముకొన్నవారందరు మూఢులనుట అన్యాయము. పెంపుడుజంతువుల సామగ్రిని ఇంటర్నెట్టులో అమ్మిన పెట్స్.కామ్ 2000 ఫిబ్రవరిలో షేర్లు విక్రయించి, ఆ నవంబరుననే మూతపడినది. పచారీసామాను ఇంటికి చేర్చుదుమన్న వెబ్‌వాన్ 2001 జూలైలో దివాలా తీసినది. దిగజారు ధరను మాత్రమే చూచువానికి ఈ మూడును ఒక్కతీరుననే కనబడును. పత్రములు తిరుగవేయు నలవాటున్నవాడు మాత్రము, అమెజాన్ ఆ పతనమునకు ముందే, 2000 ఫిబ్రవరిలో, ఐరోపాలో ఋణపత్రములు విక్రయించి 69 కోట్ల యూరోలు సమకూర్చుకొనెనని, కనుక మరికొంతకాలము ఊపిరి నిలుపగలదని గ్రహించియుండును. అంతమాత్రముచేత కంపెనీ గెలుచునని తెలియలేదు; వెంటనే చావదని మాత్రము తెలిసినది. ఇట్టి పెట్టుబడులలో లభించు జ్ఞానము తరచుగ ఆపాటిదే.

అట్టి పతనమున నిలుచుటకు ధైర్యము కావలెనందురు. నాకు ఆ మాటపై నమ్మకము తక్కువ. కుమార్తె పెండ్లికి దాచిన సొమ్మును, పిల్లవాని కళాశాల రుసుమును, వడ్డికి తెచ్చిన పైకమును పెట్టినవాడు ఎంతటి ధీరుడైనను సగము విలువ కరగిపోవు సరికి వణకిపోవును. తన యాస్తిలో ఇరువదవ వంతు మాత్రము పెట్టి, అది పోయినదే యనుకొని తన పని తాను చూచుకొనువాడు స్వతః పిరికివాడైనను నిలుచును. లోకము మొదటివానిని పిరికివాడనియు, రెండవవానిని స్థితప్రజ్ఞుడనియు పిలుచును గాని, వారి గుణములయందు అంత భేదము లేకపోవచ్చును; భేదము వారు పెట్టిన మొత్తములయందున్నది. ఎంత పెట్టవలెనని నిర్ణయించిన నాడే ఎంతకాలము ఓర్చుకొనగలమను సంగతియు నిర్ణయమైపోవును. వ్యక్తిత్వవికాసగ్రంథములు ఆత్మవిశ్వాసమును పొగడినంతగ ఈ పరిమాణజ్ఞానమును పొగడకపోవుట నాకు వింతగ తోచును. మన దేశమున 2012 నుండి ముంబయి, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలు చిన్నకంపెనీలకై ప్రత్యేకవేదికలు నడుపుచున్నవి. అచ్చట లాటుల లెక్కననే కొనుట, అమ్ముట. కనీసపు దరఖాస్తుకే పెద్దమొత్తము కావలెను. మందకొడిదినములలో అమ్మబోయినచో కొనువాడే కనబడడు. పరిమాణమెరుగనివానికి అంతకంటె అపాయకరమైన చోటు లేదు.

ఓర్పును మొండితనమునుండి వేరుచేయుట మరియొక కష్టము. 1993 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ 95 రూపాయల ధరకు షేర్లు జారీచేసినపుడు తగినన్ని దరఖాస్తులు రాలేదు. మోర్గన్ స్టాన్లీ సంస్థ 13 శాతము వాటాను తీసికొనగా అది గట్టెక్కినది. కారఖానా లేక, కంటికి కనబడు సరకు లేక, మనుష్యుల మేధస్సు నమ్ముకొని బ్రతుకు కంపెనీకి విలువ కట్టుట నాటి మదుపరులకు అలవాటు లేదు. ఆనాడు కొని దాచుకొన్నవాని ఓర్పును ఈనాడందరు కొనియాడుదురు. అదే పరిశ్రమలో, 1987లో హైదరాబాదున చిన్నదిగ మొదలై పెంపొందిన సత్యం కంప్యూటర్స్ షేర్లను దాచుకొన్నవాని ఓర్పు ఏమయ్యెను? 2008 డిసెంబరు 16న, కంపెనీ ధనముతో అధ్యక్షుని కుటుంబమునకు చెందిన మేటాస్ కంపెనీలను కొనదలచి, మదుపరుల ఆగ్రహమునకు వెరచి ఆ ప్రయత్నమును గంటలలోనే విరమించుకొనిరి. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన రొక్కములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని స్వయముగ లేఖ వ్రాసెను. ఆ ఒక్కదినముననే షేరు నాలుగింట మూడువంతులకు పైగ విలువ కోల్పోయెను. దొంగలెక్కలను సామాన్యుడు కనిపెట్టలేడు, నిజమే. కాని ఆ డిసెంబరునకును జనవరికిని నడుమ గడచిన మూడువారములలో, మనవారి కంపెనీ యను అభిమానముచేత కన్నులు మూసికొన్నవారిని ఓర్పుగలవారనుటకు నాకు మనసొప్పదు.

ఓర్పునకును మొండితనమునకును నడుమ గీటు గీయుటకు నాకు తెలిసిన సాధనము ఒక్కటే, అదియు బహుసామాన్యము. కొనుటకు ముందు కారణమును కాగితముపై వ్రాసి తేదీ వేసికొనవలెను. ధర పెరుగుననుట కారణము కాదు. వాట్సాప్ గుంపులో ఎవరో పెద్దమనిషి చెప్పుటయు కారణము కాదు. ఈ కంపెనీ ఎవరి అవసరమును తీర్చుచున్నది, దానిని మరియొకడు ఇంతకంటె చౌకగ ఏల తీర్పలేడు, చేతనున్న రొక్కము ఎన్నినెలలకు వచ్చును, ప్రమోటర్లు తమ వాటాలను తాకట్టు పెట్టిరా, ఆడిటరు నడుమ తప్పుకొనెనా; ఇవి వ్రాసిన పిదప, ఏమి జరిగినచో నేను వ్రాసినది తప్పగునో అదియు వ్రాయవలెను. ఈ కడపటి వాక్యము వ్రాయుట మిక్కిలి బాధాకరము. అనేకులు కలము నచ్చటనే ఆపుదురు. వ్రాయగలిగినవాడు ఏటికొకమారు, వార్షికనివేదిక వచ్చిన నాడు, ధర యెంతయని కాక, వ్రాసిన వాక్యము నిలిచినదా చెడినదా యని చూచుకొనును.

డిజిటల్ కంపెనీని గూర్చి ఎవరైనను అట్టి కాగితము వ్రాసియున్నచో, అందలి ముఖ్యవాక్యము పెద్దయంత్రము కొనలేనివానికి చిన్నయంత్రము నిచ్చుచున్నదని యుండెడిది. 1980ల ద్వితీయార్ధమున ఆ కంపెనీ ఐ.బి.ఎం. తరువాతిస్థానము నందుకొని, లక్షమందికి పైగ ఉద్యోగులతో అలరారుచుండెను. కాని ఆ వాక్యము అప్పటికే దానికంటె చిన్నయంత్రములు, ఇంటి బల్లపై నిలుచునవి, చేయువారికి వర్తింపజొచ్చెను. 1992లో ఓల్సెన్ పదవి వీడవలసివచ్చినది. 1998లో వ్యక్తిగత కంప్యూటర్లు చేయు కాంపాక్ దానిని కొనివేసినది. ధరనే నమ్ముకొన్నవానికి 1987 అత్యంతసంతోషకరమైన సంవత్సరము. కాగితమును నమ్ముకొన్నవాడు ఆనాడే కొంత కలవరపడియుండును.

ఆస్తిలో ఇరువదవ వంతు పెట్టినవాడు ధనవంతుడెట్లగునని పాఠకుడడుగవచ్చును. కాడు. పై లెక్కలోని మనిషికి 20 లక్షల యాస్తి యున్నదనుకొన్నచో, అన్నియు సరిగ నడచి ముప్పదిరెట్లైన షేరు చేతనున్నను, 12 ఏండ్లకు ఆ వంతు అతనికి కలిపినది 2,30,000 మాత్రమే. అతని సంసారము జీతముమీదనో సేద్యముమీదనో గడచినది. ఇది చాలదని సగమాస్తి నందు పెట్టదలచినవాడు, తొంబదివంతులు పడిపోయిన ధరను రెండేండ్లు ప్రతిదినము చూచుచు, ఇంటిలోనివారికి ఆ సంగతి చెప్పియు, నిద్రపోగలడో లేడో ముందుగ విచారించుకొనవలెను; విచారణలో ఇంటిలోనివారిని కూడ కూర్చుండబెట్టుకొనుట మేలు.