కాంతితో కబురు: ఫోటోఫోన్‌ నుంచి ఫైబర్‌నెట్‌ దాకా

పాతపట్నం లాంటి కొండల అంచు ఊళ్లకు ఇంటర్నెట్‌ తీసుకెళ్లాలంటే నేల తవ్వి కేబుల్‌ వేయడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఏపీ ఫైబర్‌నెట్‌ కరెంటు స్తంభాల మీదుగానే ఆప్టికల్‌ ఫైబర్‌ లాగింది. ఈ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించారు.

అదే నెలలో వచ్చిన మరో కబురును పోటీ పరీక్షల అభ్యర్థులు తరచూ వదిలేస్తారు. ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్‌ సంస్థ ఫైబర్‌నెట్‌తో ఒప్పందం చేసుకుంది: తీగ లేకుండా, గాలిలోనే కాంతిపుంజంతో డేటా పంపే 2,000 లింకులు ఏర్పాటు చేయాలని. కాంతిని పంపే, అందుకునే రెండు పెట్టెలు ఒకదానికొకటి సూటిగా కనిపించాలి. దట్టమైన పొగమంచు కమ్మితే సిగ్నల్‌ బలహీనపడుతుంది. ఈ పరిమితి మీదే ప్రశ్న అడగవచ్చు.

ఆలోచన పాతదే. గ్రాహంబెల్‌, టైంటర్‌ 1880లోనే ఎండను అద్దంపై పడేసి, మాటకు అద్దం కంపిస్తుంటే ఆ కాంతి మార్పులను సెలీనియంతో పట్టి వినిపించారు. అదే ఫోటోఫోన్‌. ఎండకు బదులు ఇప్పుడు వాడే లేజర్‌ను 1960లో మైమన్‌ తొలిసారి పనిచేయించాడు.

తికమక పెట్టే జంట: ‘ఫైబర్‌ ఆప్టిక్స్‌ పితామహుడు’ అని మనవాళ్లు పిలిచేది నరీందర్‌ సింగ్‌ కపానీని, 2009 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం అందుకున్నది చార్లెస్‌ కావో. మిగతా సగం సీసీడీ సెన్సర్‌కు, బాయిల్‌, స్మిత్‌లకు. ఫైబర్‌లో కాంతి ప్రయాణించే సూత్రం సంపూర్ణాంతర పరావర్తనం. ‘వక్రీభవనం’ అన్న ఐచ్ఛికం ఎర మాత్రమే.