డిప్‌స్టిక్‌పై ఆయిల్ పెరిగిందా?

ఇంజిన్ ఆయిల్ తగ్గితే కంగారుపడతాం. పెరిగితే? పెద్ద డీజిల్ ఎస్‌యూవీల యజమానులు కొందరికి ఎదురయ్యే చిక్కు ఇదే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ కార్ల పొగ మార్గంలో మసిని పట్టే వడపోత, అంటే డీపీఎఫ్, మామూలైపోయింది. పోగైన మసిని కాల్చేయడానికి అక్కడ దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకని చాలా ఇంజిన్లలో, సిలిండర్‌లో మంట ముగిశాక మరికొంచెం డీజిల్ చిమ్ముతారు. అది పొగతోపాటు వెళ్లి దారిలో మండుతుంది. కానీ కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ రింగులను దాటి కింది ఆయిల్‌లోకి జారుతుంది.

హైవేపై నిలకడగా తిరిగే బండిలో ఈ పని ఒక్కసారికే పూర్తవుతుంది. బడి దాకా, బజారు దాకా తిప్పి ఆపేస్తుంటే మాత్రం సగంలో ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. (రెండు కిలోమీటర్లకు రెండు టన్నుల బండి ఎందుకన్నది వేరే ప్రశ్న!) డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి, బేరింగులను కాపాడే పొర బలహీనపడుతుంది. మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ మార్చేదాకా బండి తీయకండి.