పాటకు కత్తెర

శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం చెరువు, దాని చెంత వనపర్తి సంస్థానాధీశుల కాలంనాటి శ్రీరంగనాయకస్వామి కోవెల ఉన్నాయి. ఒక సాయంకాలం అక్కడ పెళ్ళి ఊరేగింపు సాగుతోంది. ద్వంద్వార్థాలతో నిండిన ఒక సినిమాపాటకు ఏడెనిమిదేళ్ళ బాలిక తాళం తప్పకుండా అడుగులు వేస్తోంది. ఆ మాటల అర్థం పసిదానికి తెలియదు. తెలిసిన పెద్దలు చప్పట్లు కొడుతున్నారు.

ఇటువంటి పాటలను నిషేధించాలని కొందరంటారు. ప్రాచీన శృంగార కావ్యాలు చదివి, బోధించినవాడిని కనుక ఆ మాట వినగానే నాకు 'రాధికాసాంత్వనము' జ్ఞాపకం వస్తుంది. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రచించిన ప్రబంధమది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానిని అసభ్యమని తీవ్రంగా నిరసించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని సమగ్రంగా పరిష్కరించి ప్రకటిస్తూ, పురుషులు రాసిన శృంగారానికి లేని దోషం స్త్రీ రాస్తే ఎక్కడినుంచి వచ్చిందని నిలదీశారు. ఆంగ్ల ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి హయాంలో గాని ఆ ఆంక్ష తొలగలేదు. 1952లో వావిళ్ళవారు పునర్ముద్రించారు. అధికారి చేతి కత్తెరకు రసమూ, రోతా ఒకటే.

అలాగని ఆ కావ్యాన్ని అడ్డుపెట్టుకొని నేటి పాటలన్నింటినీ సమర్థించడం నాకు సమ్మతం కాదు. ముద్దుపళని కావ్యంలో స్త్రీకి మనసుంది, మాట ఉంది. నేటి అనేక గీతాలలో ఆమె కేవలం ఒక వస్తువు. పైగా ప్రబంధం పరిణతిగల పాఠకుని చేతికి వెళుతుంది. పాట వద్దన్నా పసివాని చెవిలో పడుతుంది.

1985లో అమెరికాలో కొందరు తల్లులు ఆందోళన చేయగా, నిషేధానికి బదులు సంగీత సంపుటాలపై హెచ్చరిక చీటీలు అతికించే పద్ధతి వచ్చింది. ఆ చీటీయే కుర్రకారును ఆకర్షించిందన్న విమర్శా లేకపోలేదు. మన దేశంలో 2023 చట్టసవరణ పెద్దల తోడుతో చూడదగిన చిత్రాలను 7, 13, 16 ఏళ్ళ వయోభేదాలతో వర్గీకరించింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్య నృత్యభంగిమలపై చిత్రపరిశ్రమను హెచ్చరించింది. అయితే సినిమాహాలు గుమ్మం దాటి చరవాణిలోకి, ఊరేగింపులోకి వచ్చిన పాటకు ఆ ధ్రువపత్రం కాపలా కాయలేదు. వినిపించేవారే ఎంచుకోవాలి.

ఆనాడు డీజే పెట్టె దగ్గరున్న యువకుడు నా పూర్వ విద్యార్థే. "ఆ పాట మార్చరాదా నాయనా!" అన్నాను. అతడు వెంటనే ఆపి, "ఏం పాట పెట్టమంటరు సార్?" అని వినయంగా అడిగాడు. ఆ పిల్ల ఆడదగిన పాట ఒక్కటీ ఆ క్షణాన నాకు స్ఫురించలేదు.