కెమెరా లేకుండా మనిషి ఉనికి

ప్రశ్న: ఆఫీసు గదిలో కదలకుండా చదువుకుంటుంటే లైట్లు ఆరిపోతున్నాయి. కెమెరా పెట్టకుండా దీన్ని సరిచేయవచ్చా?

జవాబు: తప్పకుండా చేయవచ్చు. మీ గదిలో ఉన్నది బహుశా పీఐఆర్ సెన్సర్. ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాల్లో మార్పు వస్తేనే అది గుర్తిస్తుంది. కదలకపోతే గది ఖాళీ అనుకుంటుంది. ముందుగా, లైటు ఆరే గడువు పెంచమనండి. అది చాలకపోతే తలుపుకు అయస్కాంత స్విచ్ బిగించి, రెండింటినీ కలపమనండి. తలుపు మూశాక ఒక్కసారి కదలిక కనిపించినా, మళ్లీ తెరిచేవరకు లోపల మనిషి ఉన్నట్టే లెక్క. కెమెరా అక్కర్లేని కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ మాత్రం లైట్లకు పనికిరాదు. మనుషులు వదిలే ఆ వాయువు గదిలో నెమ్మదిగా పెరుగుతుంది. జనాన్ని బట్టి తాజా గాలిని సరఫరా చేయడానికి అది అక్కరకొస్తుంది. ఒక్క షరతు: ఈ సెన్సర్ల సమాచారం కరెంటు ఆదాకే తప్ప, ఉద్యోగుల హాజరుకు వాడకూడదని ముందే రాయించుకోండి.