క్లినిక్‌కు వచ్చిన సోదరి హెచ్‌ఐవి పరీక్షకు ఎందుకు వెనుకాడుతుంది?

పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట, పుండ్లు వంటి బాధలతో ఒక స్త్రీ ప్రభుత్వాసుపత్రిలోని సుఖవ్యాధుల క్లినిక్‌కు వచ్చిందంటే, అప్పటికే ఎంతో సంకోచాన్ని దాటి వచ్చిందన్నమాట. అక్కడ హెచ్‌ఐవి పరీక్ష మాట ఎత్తగానే చాలామంది, "నాకెందుకమ్మా? నేనేం తప్పు చేశాను?" అంటారు. పరీక్ష చేయించుకోవడమంటే తప్పు ఒప్పుకోవడమేనన్న భయం వారిది.

పరీక్ష ఎందుకు?

ఈ బాధలన్నీ సుఖవ్యాధులే కానక్కరలేదు. కానీ సుఖవ్యాధి అయితే, అది సోకే దారీ హెచ్‌ఐవి సోకే దారీ ఒకటే. పుండు ఉన్నచోట వైరస్ సులువుగా లోపలికి చేరుతుంది. ఏ తప్పూ ఎరుగని ఇల్లాలికి కూడా భర్త ద్వారా సోకవచ్చు. ఏళ్ల తరబడి లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. గర్భిణి విషయంలో ఇది రెండు ప్రాణాల సంగతి. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సకాలంలో మందులు వాడితే 5 శాతం కంటే తక్కువ. మన దేశంలో ఈ మందులు 2004 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతున్నాయి.

ఎలా అడగాలి?

"మీ మీద అనుమానంతో కాదు, ఇక్కడికి వచ్చే అందరికీ చెబుతాం" అన్న ఒక్క మాటతో సగం భయం తీరుతుంది. అత్తగారి ముందో, భర్త ముందో అడగకూడదు. తలుపు వేసి, వీలైతే మహిళా కౌన్సిలర్ మాట్లాడాలి. ఆమె వద్దంటే బలవంతం చేయరాదు. సుఖవ్యాధికి మందులు ఇచ్చి, మరోసారి వచ్చినప్పుడు మళ్లీ చెప్పాలి.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి చట్టం ప్రకారం ఆమె అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. భర్తకు తెలిస్తే కొడతాడు, ఇంట్లోంచి గెంటేస్తాడు అన్న భయానికి ఆధారం ఉంటే డాక్టరు భర్తకు చెప్పరాదని కూడా ఆ చట్టం అంటుంది. ఈ సంగతి ముందే తెలిస్తే ఎందరో చేయి చాస్తారు. 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సందేహాలు అడగవచ్చు.

దాతలకు మా మనవి

పరీక్షకు డబ్బు అక్కరలేదు, అది ఉచితమే. కావలసింది ఆటో ఖర్చు, ఆ రోజు పోయే కూలి, పక్కన నడిచే నమ్మకమైన మరో సోదరి. కుట్టుమిషన్లు అందుకున్నవారి ఫోటోలు సంచికలో వేసుకుంటాం. ఈ సాయానికి మాత్రం ఫోటో ఉండదు, పేర్ల పట్టిక ఉండదు. ఎవరికి ఇచ్చారో మీరు అడగకండి, మేము చెప్పం. ఆ మౌనం మీదే ఆమెకు నమ్మకం కుదురుతుంది. అది కూడా మీరిచ్చే దానమే.