ఎడారి ప్రయాణం - ముందుచూపు

దప్పిక అయినప్పుడు బావి తవ్వినట్లు అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. ఆ మాటలోని సత్యం ఎడారిని దాటబోయేవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. ఆస్ట్రేలియా ఖండం నడుమనున్న సింప్సన్ ఎడారి యాత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

ఇక్కడ ఎర్రని ఇసుక తిన్నెలు అలల వరుసలవలె సమాంతరంగా సాగి ఉంటాయి. పడమటి నుంచి తూర్పునకు పోయే బాటసారి వెయ్యికి పైగా తిన్నెలను ఎక్కి దిగాలి. బర్డ్స్‌విల్ గ్రామ సమీపంలోని 'బిగ్ రెడ్' అనే తిన్నె ఎత్తు సుమారు 40 మీటర్లు. అయినప్పటికీ ఈ ప్రాంతం ఒకనాడు నిర్జనం కాదు. వంగ్‌కంగురు ఆదివాసులు 'మికిరి' అనే ఊటబావుల ఆధారంగా తరతరాలు ఇక్కడ జీవించారు. ఏ బావి ఎక్కడ ఉన్నదో ఎరిగి ఉండటమే వారికి ప్రాణరక్ష. 1936లో టెడ్ కోల్సన్, పీటర్ ఐన్స్ అనే ఆదివాసి సహచరునితో కలిసి ఒంటెలతో ఈ ఎడారిని దాటాడు. 1962లో భూగర్భ శాస్త్రవేత్త రెజ్ స్ప్రిగ్ భార్యాబిడ్డలతో మోటారు వాహనంలో దాటాడు. చమురు అన్వేషణకు వచ్చిన ఒక ఫ్రెంచి సంస్థ 1960 దశకంలో వేసిన బాటకే 'ఫ్రెంచ్ లైన్' అని పేరు.

ఈ బాటన వెళ్ళదలచినవారు మొదట కాలాన్ని ఎంచుకోవాలి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అందుచేత డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఇక్కడి రక్షిత ప్రాంతాలను మూసివేస్తారు. అనుమతి పత్రం ముందుగానే పొందాలి.

రెండవది ఇంధనం. మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ వరకు దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో పెట్రోలు బంకు లేదు. 100 కిలోమీటర్లకు 12 లీటర్లు ఖర్చయ్యే వాహనానికి ఇసుకలో 20 లీటర్లు కావచ్చు. ఆ లెక్కన 100 లీటర్లు అవసరం. అందులో నాలుగో వంతు అదనంగా చేర్చి 125 లీటర్లు ఉంచుకోవడం వివేకం.

మూడవది నీరు. మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున ఇద్దరికి నాలుగు రోజులకు 40 లీటర్లు కావాలి. వాహనం ఆగిపోతే మరి నాలుగు రోజులు నిరీక్షించవలసి రావచ్చు. కనుక 80 లీటర్లు తీసుకొనిపోవాలి.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే వాహనమైనా, టైర్లలో గాలి తగ్గించనిదే మెత్తని ఇసుకలో కూరుకుపోతుంది. తిన్నెకు ఆవలి నుంచి ఎదురు వచ్చేవారికి కనిపించేలా వాహనంపై ఎత్తైన జెండా కట్టాలి. పార, గాలి నింపే యంత్రం, ఉపగ్రహ ఫోను వెంట ఉండాలి. వెళ్ళే దారిని, చేరవలసిన తేదీని ఇంటివద్ద ఒకరికి రాసి ఇవ్వాలి. ఆ తేదీ దాటితే వారు పోలీసులకు తెలియజేయాలి.

వీటన్నిటికన్న ముఖ్యమైనది ఒక నిర్ణయం. 1963 డిసెంబరులో, ఈ ఎడారి తూర్పు అంచున సాగే బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఐదుగురు సభ్యులున్న ఒక కుటుంబం ప్రయాణించింది. దారి తప్పి, పెట్రోలు అయిపోయి కారు ఆగింది. వారు కారులో చీటీ రాసిపెట్టి, నీటిని వెదుకుతూ నడిచారు. ఐదుగురూ మరణించారు. వారు అవివేకులు కారు. దాహం వేస్తున్న బిడ్డలను చూస్తూ ఏ తల్లిదండ్రులు ఊరకే కూర్చోగలరు? కాని వాహనం నీడనిస్తుంది, ఆకాశం నుంచి వెదికేవారికి కనిపిస్తుంది. నడిచిపోయే మనిషి కనిపించడం కష్టం.

ఆగిన వాహనాన్ని విడిచిపోరాదనే నిర్ణయం ఇంటివద్ద, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే చేసుకోవాలి. దప్పిక మంచి సలహాదారు కాదు. ముందుచూపు అంటే సామగ్రిని సమకూర్చుకోవడం మాత్రమే కాదు. ఆపదలో తడబడబోయే మనసుకు ముందుగానే తోవ చూపడం.

అర్థాలు
తిన్నె : ఇసుక దిబ్బ
నిర్జనం : జనులు లేనిది
నిరీక్షించు : ఎదురుచూచు
నిమ్మళం : నెమ్మది, శాంతం

ప్రశ్నలు
1. ఎడారి యాత్రకు ఇంధనాన్ని, నీటిని ఎట్లా లెక్కించాలి?
2. ఆగిన వాహనాన్ని ఎందుకు విడిచిపోరాదు?
3. 'దప్పిక మంచి సలహాదారు కాదు' - ఈ వాక్యాన్ని సమర్థించండి.