‘మా భూమి’లో రామయ్య – ఒక పరిశీలన

మన తెలుగు సినిమాలలో కుర్రవాడికి కోపమొస్తే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. చివరి రీలులో పదిమందిని తంతాడు, పెళ్ళి చేసుకుంటాడు, మనం లేచి ఇంటికి పోతాం. ఆ కోపం ఎక్కడ పుట్టిందన్న సంగతి తీసేవాడికీ పట్టదు, టిక్కెట్టు కొన్నవాడికీ పట్టదు. 1980లో విడుదలైన ‘మా భూమి’ ఈ దారిన పోలేదు. అది మన నల్లగొండ జిల్లా కథ కూడాను. కనుక విద్యార్థి మిత్రులు దానిని ఒక పాఠంగా చూడవచ్చు.

ఆ చిత్రాన్ని పెద్ద స్టూడియోలేవీ తీయలేదు. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అప్పటికి కథాచిత్రం తీసినవాడు కాదు. కథకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. రామయ్యగా వేసిన సాయిచంద్ రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు. యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెరమీద కనిపించి పాడాడు. సినిమా పేరు మరచినవాళ్ళు కూడా ఆ పాటను మరువలేదు.

ఇక రామయ్య సంగతి. వెట్టిచాకిరిలో బతికే పేదరైతు కొడుకు. చంద్రి అనే లంబాడీ పిల్లను ప్రేమిస్తాడు. ఆమె దొర బలవంతానికి లొంగవలసి వచ్చినప్పుడు అతడు దొర మీద తిరగబడడు, ఊరొదిలి పోతాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మామూలు సినిమా అయితే హీరో అప్పుడే గొడ్డలి పట్టేవాడు. ఈ కుర్రవాడికి కోపముంది గాని, దానిని ఎవరిమీద చూపాలో తెలియదు. సూర్యాపేట, తర్వాత హైద్రాబాదు; అక్కడ కార్మిక నాయకుడు మక్బూల్ పరిచయమైన తర్వాతనే తన ఒక్కడి బాధ పదూళ్ళ బాధ అని అర్థమౌతుంది. మర్రిగూడ నుంచి మాల్ మీదుగా పట్నం బస్సెక్కి పనికి పోయిన మనోళ్ళలో ఎందరికి అట్లాంటి మక్బూల్ దొరికాడో!

అయితే చంద్రి ఏమైంది? రామయ్య పోగలిగాడు, ఆమె పోలేకపోయింది. కెమెరా కూడా అతని వెంటనే పోతుంది. ఈ లోటును తీర్చింది 1988 నాటి ‘దాసి’ అని నాకనిపిస్తుంది. దానికి నర్సింగరావే దర్శకుడు. అందులో కథ 1920ల నాటి గడీ దాటి బయటికి రాదు. కమలాక్షి అరవదు, పారిపోదు. కడుపు పోగొట్టుకోమన్నప్పుడు కూడా ఆమెను అడిగేవాడు లేడు. అర్చనకు ఉత్తమనటిగా జాతీయ బహుమతి తెచ్చింది ఆ మౌనమే. ఆ చిత్రానికి మొత్తం అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి.

పరాయి దేశపు చిత్రాలతో పోల్చదలచినవారు ఫ్రాన్సులో త్రూఫో 1959లో తీసిన ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ చూడాలి. అందులో పిల్లవాడు ఇంట్లో ఇమడలేక, బడిలో ఇమడలేక పరుగెత్తుతాడు. సముద్రం దగ్గర అతని ముఖం మీద బొమ్మ ఆగిపోతుంది. అతనికి సంఘమంటూ ఏదీ దొరకదు. రామయ్యకు దొరికింది.

‘మా భూమి’లో లోపం లేకపోలేదు. రామయ్య ఊరికి తిరిగొచ్చిన తర్వాత చరిత్ర ముందుకొచ్చి, మనిషి వెనక్కి పోతాడు. దళాలు, రజాకార్లు, 1948 పోలీసు చర్య, పారిపోయిన దొర మళ్ళీ రావడం – ఇవన్నీ వరుసగా నడుస్తాయి. ఆ కుర్రవాడి మనసులో ఏముందో తొలిసగంలో తెలిసినంతగా తెలియదు. రెండు చిత్రాలూ చూసేవారు ముందు ‘మా భూమి’, వెంటనే ‘దాసి’ చూడండి. మధ్యలో వారం రోజులు గడువు పెట్టుకోకండి.